అడుగున బ్రతుకు చేప

అడుగున నుండువారికి మిగిలినది చాలునను మాట మన దేశమున మిక్కిలి ప్రాతది. ఆ మాట యిప్పుడు గాజుతొట్లలోని చేపల వఱకును బ్రాకినది. మన పట్టణములలో రంగుచేపల నమ్ము అంగళ్లకు బోయి, మీసములు గల చిన్నచేప నొకదానిని జూపి యిది యేమని యడిగినచో, "ఇది క్లీనరు చేపండీ, అడుగున పడ్డ చెత్తంతా తినేస్తుంది, దీనికి వేరే మేత అక్కర్లేదు" అను ప్రత్యుత్తరము తఱచుగా వచ్చును. కొనువారు సంతోషించి, కంటికింపైన చేపలు నాలుగైదు తీసికొని, వానితోబాటు దీని నొక్కదానిని ఊడ్పుపనికి గుదుర్చుకొన్నట్లు కొనిపోవుదురు. నెల తిరుగకమునుపే యది చచ్చును. దాని యాయుస్సు అంతేయని మఱియొకటి కొందురు. అంగడివాని మాటలోని యసత్యమును, ఆ మాటను మనచేత నంత సులభముగా నమ్మించుచున్న యలవాటును గూర్చి మేము కొంత చెప్పదలచితిమి.

తెనాలిలోని మాయింట మేము పెంచుచున్నది కోరిడోరాసు అను జాతిలోని మరుగుజ్జు చేప. మన కాలువలలోని జెల్లకును దీనికిని దూరపు చుట్టఱికము కలదు. మీసములే యందుకు గుఱుతు. అందుచేత మాయింటి పిల్లలు దీనికి చిట్టిజెల్ల యని పేరు పెట్టిరి. మేమును ఆ పేరే వాడుదుము. 1803లో లాసెపేదు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, శిరస్త్రాణమనియు జర్మమనియు నర్థమిచ్చు రెండు గ్రీకుమాటలను గూర్చి, ఈ జాతికి నామకరణము చేసెను. పేరు తగినదే. దీనికి పొలుసులు లేవు. ఒక్కొక్క ప్రక్కను రెండేసి వరుసలుగా ఎముకపలకలు కవచమువలె నమరియుండును. స్వదేశము దక్షిణ అమెరికా. మరుగుజ్జులలో మూడు రకములు ప్రసిద్ధములు. 1888లో వర్ణింపబడినది హాస్టేటసు, 1960లో వర్ణింపబడినది హాబ్రోససు, 1966లో వర్ణింపబడినది పిగ్మేయసు. 2024లో శాస్త్రజ్ఞులు ఈ పెద్దజాతిని పలు జాతులుగా విభజించి పేర్లు మార్చిరి గాని, అంగళ్లలో పాతపేరే చెల్లుచున్నది. మాయింట నున్నది పిగ్మేయసు. బ్రెజిలు దేశమందలి మదీరా నదీప్రాంతమునకు జెందినది. రంగుచేపల వ్యాపారమునకు బేరుపొందిన చెన్నై కొళత్తూరునుండి దీనిని తెప్పించితిమి. పూర్తిగా బెరిగినను ఇంచుమించుగా నొక అంగుళము. వెండివన్నె మేనిపై ముక్కుకొననుండి తోకమొదలి వఱకు నల్లనిగీత యొకటి పోవును. కనుగ్రుడ్లను క్రిందికి ద్రిప్పినపుడు కన్నుగీటినట్లుండును. అది చూచి నవ్వని పిల్లవాడు మా వీధిలో లేడు.

గాజుతొట్టిలో నీటిజీవులను బెంచు విద్య యూరపుఖండమున పందొమ్మిదవ శతాబ్దమున బలపడినది. 1850 ప్రాంతమున వారింగ్టను అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు చేపలు, మొక్కలు, నత్తలు ఒకదాని నొకటి పోషించుకొనుచు నొకే నీటిలో బ్రతుకగలవని పరీక్షించి చూపెను. 1853లో లండను జంతుశాలయందు మత్స్యగృహము వెలసినది. మన దక్షిణదేశమున 1909లో చెన్నపట్టణపు సముద్రతీరమున నొక మత్స్యశాలను దెఱచిరి; ఆనాడు మన జిల్లాలనుండి చెన్నపట్టణమునకు బోయినవారు దానిని జూచి వచ్చి కథలుగా జెప్పుకొనెడివారు. రాజధానిలో నొక వింతయై యుండినది నేడు తెనాలి, బాపట్ల, రేపల్లెలలోని నడిమితరగతి యిండ్ల వసారాలలోనికి వచ్చినది. వస్తువు వచ్చినంత సులభముగా దాని ధర్మము రాలేదు. తొట్టి కొన్నవారు పెక్కుమంది. నీటినిగూర్చి తెలిసికొన్నవారు కొలదిమంది.

నీటినిగూర్చి మాకు మొదట బోధించినవారు రేపల్లెలోని మా బావగారు. వారు రొయ్యల చెఱువులు చేయుదురు. 2009లో మనదేశమున బ్రవేశపెట్టబడిన వనామీ రొయ్య యిపుడు ఆ ప్రాంతపు జీవనాధారములలో నొకటి. లక్షల రూపాయలు నీటిలో బోసి రాత్రులు మేలుకొనువారికి నీటిగుణము తెలిసినట్లు పండితులకు దెలియదు. మేము తొట్టి కొన్నామని చెప్పగానే వారు చేప రంగేదని యడుగలేదు. "బావా, ముందు నీళ్ళు పెంచు, చేప దానంతటదే పెరుగుతుంది" అనిరి. ఆ మాటకు శాస్త్రార్థ మిది. చేప విసర్జించిన దానినుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును, అది విషము. నీటిలోని ఱాళ్లకును ఇసుకకును వడపోతసాధనపు దూదికిని అంటిపెట్టుకొనియుండు కంటికి గనబడని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిమ్మట నంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. క్రొత్తతొట్టిలో నీ సూక్ష్మజీవులు తగినంతగా వృద్ధిపొందుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. ఉదయము తొట్టి కొని సాయంకాలము చేపలను వేసినవాడు వానిని విషములో వేసినట్లే. మా రెండడుగుల తొట్టిలో సుమారు యేబది లీటర్ల నీరు పట్టును. చేపలు వచ్చుటకు మునుపు ఆ నీరు మొక్కలతో మాత్రము నెలకు బైగా నిలిచినది. చుట్టములు వచ్చి, చేపలు లేని తొట్టియేమని నవ్విరి. బావగారు మాత్రము నవ్వలేదు.

పిమ్మట ఇసుక. చిట్టిజెల్ల ముక్కును ఇసుకలో దూర్చి, మీసములతో దడవి, నోటబట్టిన యిసుకను మొప్పలనుండి విడుచుచు మేత వెదకును. అంగళ్లలో దొరకు రంగుఱాళ్లు గఱుకుగా నుండును. వానిపై రాచి రాచి మీసములు అరిగి, పుండ్లుపడి, తుదకు ఊడిపోవును. మీసములు పోయిన జెల్ల చేతులు పోయిన కూలివానివంటిది. బాపట్లలోని మా మిత్రులైన యుపాధ్యాయులు సూర్యలంక తీరమునుండి నున్నని యిసుక సంచెడు తెచ్చియిచ్చిరి. వారి ప్రేమకు మేము కృతజ్ఞులమే గాని యా యిసుకను తొట్టిలో వేయలేదు. సముద్రపుటిసుకలో గవ్వల తునకలుండును. అవి మెల్లమెల్లగా గరగి నీటిని సున్నపు నీటిగా మార్చును. ఈ చేప స్వదేశమున మెత్తని నీటిలో బుట్టినది. కావున నదియిసుకను సన్నని జల్లెడపట్టి, కడిగిననీరు తేటపడువఱకు బదిమాఱులు కడిగి, రెండంగుళముల మందమున బఱచితిమి. సూర్యలంక యిసుక మాయింటి తులసికోట మొదట నున్నది.

మూడవది వేడి. చిట్టిజెల్లకు 22 మొదలు 26 డిగ్రీల నీరు హితము. మా తెనాలి వైశాఖమాసమున నలువది డిగ్రీలు దాటుట క్రొత్తగాదు. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా గరగును. 20 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే నిలుపుకొనును. చిట్టిజెల్లకు దైవమొక యుపాయ మిచ్చినది. అది యప్పుడప్పుడు రివ్వున పైకి బోయి గాలి నొక గ్రుక్క మ్రింగి దిగును. ఆ గాలిలోని ప్రాణవాయువును ప్రేగు చివరిభాగము గ్రహించును. కొరమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుట మన రైతులెల్లరు నెఱిగినదే. అయితే చిట్టిజెల్ల గడియ గడియకు బైకి బరువెత్తుచున్నచో అది యాట కాదు; నీరు చెడినదని మొఱపెట్టుట. తొట్టిని కిటికీయెండకు దూరముగా నుంచి, మూత తీసి సన్నని జాలికప్పి, నీటిపై పంకాగాలి తగులునట్లు చేసితిమి. నీరు ఆవిరియగుచు జల్లబడును. సముద్రపు తేమగాలి వీచు బాపట్ల, రేపల్లెలలో నీ యుపాయ మంతగా బనిచేయదు. అచ్చటివారు ఇంటిలోని చల్లని మూలను వెదకుకొనవలెను. కుళాయినీటిలో క్రిములను జంపుటకై కలుపు క్లోరిను చేప మొప్పలను గూడ గాల్చును. కనుక నీటిని బట్టి యొకదినము తెఱచియుంచి, వారమున కొకమాఱు తొట్టిలోని నాల్గవవంతు మాత్రము మార్చుదుము.

ఈ పనులన్నియు నెవరు చేయుదురను ప్రశ్న యొకటి కలదు. పెక్కిండ్లలో తొట్టి కొనుట పురుషుని యుత్సాహము, కడుగుట యింటియిల్లాలి పని. వచ్చినవారికి చేపలను జూపునపుడు మాత్రము మరల పురుషుడు ముందునకు వచ్చును. మాయింట నీరు మార్చు బకెటు తొట్టి కొన్నవారి చేతిలోనే యున్నది.

ఇక ముఖ్యవిషయము. అడుగున నుండుట దీని స్వభావమని యంగడివాడు చెప్పును. పుస్తకములు చదివినవారు గూడ నట్లే తలంతురు. మా ప్రక్కయింటివారు ఒక చిట్టిజెల్లను కొని, రంగుచేపల నడుమ నొంటిగా విడిచిరి. అది రెండు వారములు ఱాతిచాటున నణగియుండి, మేత వేసినపుడు గూడ రాలేదు. ఆ యింటి యిల్లాలు దానిని గిన్నెలో దెచ్చి, "అన్నయ్యగారూ, ఇది బతికుందో చచ్చిందో చూడండి" అనిరి. చేప సన్నబడి, వన్నె తగ్గి, మొప్పలు మాత్రము కదలుచుండెను. అంటువ్యాధి యేమైన గలదేమోయని కొన్నాళ్లు వేఱుగా నుంచి, పిదప దానిని మా తొట్టిలోని పదింటి నడుమ విడిచితిమి. తొలిదినమున నది మొక్కల మొదట నే యుండెను. రెండవదినమున పదింటిలో రెండు దానిప్రక్కకు వచ్చి యిసుకను గెలికినవి, అదియు గెలికినది. నాలుగవ దినమున, సాయంకాలపు వెలుగులో, పదునొకండును తొట్టి నడిమిభాగమున మొక్కల యాకులనడుమ, ఒకేదిక్కునకు మొగములు త్రిప్పి, గాలిలో నిలిచిన తూనీగలవలె నీదుచుండెను. వానిలో ఏది ప్రక్కయింటి చేపయో మేము గుర్తింపలేకపోతిమి.

ఇది మా తొట్టిలోని వింత గాదు. పిగ్మేయసు, హాస్టేటసు అను నీ మరుగుజ్జులు తక్కిన కోరిడోరాసులవలె గాక, గుంపుగా నీటినడుమ నీదుట వాని సహజధర్మము. అలసినపుడు ఆకులపై వ్రాలి విశ్రమించును. మేత వెదకుటకు ఇసుకకు దిగును. ఒంటరితనమును భయమును వానిని అడుగున నణచివేయును. దానిని మనమే యొంటరిని జేసి, పెద్దచేపల నడుమ బడవేసి, అది యడుగున నక్కుట చూచి, అడుగుననుండుటయే దాని స్వభావమని శాస్త్రము చెప్పుచున్నాము!

చెత్త తినునను మాటయు నట్టిదే. ఈ చేప మలమును దిని బ్రతుకదు. చిట్టిజెల్ల చిన్నచిన్న పురుగులను, నీటిక్రిములను దినుజీవి. దాని నోరు చిన్నది గనుక మేతయు జిన్నదిగా నుండవలెను. పెద్దచేపలు మిగిల్చిన మేత దానికి జేరునప్పటికి క్రుళ్లియుండును. రొయ్యపిల్లలను బెంచు కేంద్రములలో ఆర్టీమియా యను సన్నని యుప్పునీటి పురుగు పిల్లలను మేతగా వేయుదురు. వాని గ్రుడ్లు ఎండినపొడివలె నుండి, ఉప్పునీట వేసిన యొక్కదినమునకు బొదుగును. బావగారు ఆ పొడి చెంచెడు కాగితమున గట్టి పంపుదురు. ఆ నారింజరంగు పిల్లలను వడగట్టి తొట్టిలో వేసినదినమున చిట్టిజెల్లల పొట్టలు నారింజరంగునకు దిరుగును. కడుపునిండ దిన్న కొన్నివారములకు నొక తెల్లవారుజామున ఆకుల వెనుకను గాజుగోడపైనను ఆవగింజకంటె సన్నని గ్రుడ్లు కనబడినవి. ఆడుచేప పొట్టక్రింది రెక్కలను దోసిలివలె మడిచి, గ్రుడ్డును బట్టుకొనిపోయి, తగినచోటు వెదకి యంటించును. మూడు నాలుగు దినములలో నవి పొదిగెను. ఎంగిలితో బ్రతుకుమన్న చేప, పంక్తిలో గూర్చుండబెట్టినంతనే సంసారము చేసినది.

ఇన్ని కష్టము లెందుకు? చేపల పులుసు రుచి యెఱిగిన దేశమున నొక అంగుళపు చేపకు ధర్మశాస్త్ర మేమని కొందఱడుగుదురు. ఈ ప్రాంతమున జంతువుల బాధను గూర్చి యాలోచించుట క్రొత్త గాదు. 1925లో తెనాలి పురపాలకసంఘాధ్యక్షులైన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు గ్రామదేవతకు జంతుబలులను మాన్పించి, అందువలన గలిగిన కోపమునకు బాత్రులైరి. అయినను ఆహారమునుగూర్చిన వాదము నిచ్చట మేము తేబోము. కాలువలోని చేప తన మేతను తాను వెదకుకొనును. నీరు చెడినచో వేఱొకచోటికి బోవును. తొట్టిలోని చేపకు ఈ రెండును మనము తీసివేసితిమి. తప్పించుకొనుదారి లేకుండ జేసినవాడు, తప్పించుకొననక్కఱలేని చోటుగా దానిని జేయవలెను. అంతకు శక్తిలేనివారు తొట్టిని కొనకుండుటయే దయ.

తొట్టి వలదనుకొన్నపుడు చేపలను కాలువలో విడుచుట దయ గాదు. అట్టి దయ యేమి చేసినదో మన జాలరులు చెప్పగలరు. దక్షిణ అమెరికానుండియే వచ్చిన మఱియొక మీసాలచేప, గాజునకు నోటితో నతుకుకొని పాచి తినునది, ఇదే క్లీనరు పేరుతో నమ్ముడుపోయినది. వ్రేలెడు పిల్లగా గొన్నది అడుగు దాటి పెరుగును. తొట్లనుండి విడువబడుటయే దీని వ్యాప్తికి మూలమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇప్పుడు కృష్ణానీటిలోను నది పడుచున్నది. జాలరులు దానికి దెయ్యపుచేప యని పేరు పెట్టిరి. దాని గఱుకు కవచమునకును ముండ్లకును వలలు చినుగును. పట్టినను గొనువారు లేరు. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది మొదలు కృష్ణనీరు కాలువలై డెల్టా యంతయు నల్లుకొనియున్నది. తెనాలి నడుమనే మూడు కాలువలు పాఱుచున్నవి. ఇచ్చట వంతెనమీదనుండి విడిచినది నిజాంపట్నపు దిక్కున నొక పేదవాని వలలో దేలవచ్చును. మనయింటి బరువును నీటిలో బడవేసితిమని సంతోషించునపుడు, ఆ బరువు నెత్తుకొనువాడు దిగువ నొకడున్నాడు.

ఇట్లు క్లీనరను నొక్కమాట రెండు హానులకు మూలమైనది. చిన్నచేప తొట్టిలో నాకలితో జచ్చినది. పెద్దచేప కాలువలో జాలరి యన్నమును దీసినది. ఈ మాట మన నోట నింత సహజముగా నేల పలుకును? మనుష్యులను చేపలతో బోల్చుట మా యుద్దేశము గాదు. మేము పోల్చుచున్నది మన యలవాటును మన యలవాటుతోనే. పనిమనిషికి నిన్నటి కూర నిచ్చి, ఆమె కదియే యిష్టమని చెప్పు గృహములు నేడును గలవు. ఆమె కాఫీకి వేఱొక గ్లాసు గూటిలో బోర్లించియుండును. పాకీపనిని నిషేధించుచు 1993లోను, రక్షణసాధనములు లేక మురుగుకాలువలలోనికి మనుష్యులను దింపరాదని 2013లోను చట్టములు వచ్చినవి. చట్టములు వచ్చినను, ఆ పని వారికలవాటే యను మాట మన నోటినుండి పోలేదు. ఒకనిని క్రిందకు ద్రోసి, తోడు లేకుండజేసి, ఎంగిలి పెట్టి, అటుపిమ్మట అతని స్వభావమును గూర్చి మాటలాడుట మనకు బరిచయమైన విద్య. చేపల యంగడిలో మనము విన్నది ఆ విద్యలోని యొక పాఠమే.

కావున చదువరులకు మా మనవి. తొట్టి పెట్టదలచినవారు మొదట నీటిని సిద్ధపఱచుడు. మీసాలచేపను కొనదలచినచో నొక్కదానిని గొనకుడు. పదింటికి చోటులేనిచో నసలు కొనకుడు. దాని మేతను దానికై వేఱుగా వేయుడు. వలదనుకొన్ననాడు మఱియొక పెంపకందారునకో అంగడికో యిండు, కాలువ కీయకుడు. ఇంటిలోని పిల్లలు ప్రతిదినము ఆ తొట్టిని జూచుచుందురు. ఏది యడుగున బ్రతుకవలెనో, ఎవరికి మిగిలినది చాలునో వారు మనలను జూచియే నేర్చుకొందురు. ఆ పాఠమును మార్చుటకు పదునొక చిన్నచేపలు చాలకపోవచ్చును. ప్రారంభించుటకు మాత్రము చాలును.